ఆర్మీ నుంచి పెన్షన్ ఎప్పుడు వెళ్లాలి? 17 ఏళ్లకా, 24కా, చివరిదాకానా?

మొన్న రాత్రి మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. ఆర్మీలో చేస్తున్నాడు, నార్త్‌లో ఫీల్డ్ పోస్టింగ్‌లో ఉన్నాడు, సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. "అన్నా, 22 ఏళ్లు అయిపోయాయి, పెన్షన్‌కి కాగితాలు పెట్టేయనా, ఇంకో రెండేళ్లు ఆగనా?" అన్నాడు. ఇదే ప్రశ్న నన్ను సికింద్రాబాద్ దగ్గర మా యాప్రాల్‌లో కనీసం నెలకి ఒకరు అడుగుతున్నారు. బొల్లారం క్యాంటీన్ లైన్లో అడిగారు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్ బెంచీ మీద అడిగారు, పెళ్లిళ్లలో భోజనాల దగ్గర కూడా అడిగారు. అందరికీ ఒక్కొక్క ముక్క చెప్పే బదులు తెలిసిందంతా ఒకచోట రాస్తున్నాను.

నేను ఈఎమ్‌ఈలో (ఆర్మీ వాహనాలు, యంత్రాలు బాగుచేసే విభాగం) 24 ఏళ్లు చేసి హవల్దార్‌గా వచ్చాను. కాబట్టి ఇది ముఖ్యంగా ఆర్మీలో జవాన్లు, ఎన్‌సీఓలు (నాయక్, హవల్దార్), జేసీఓల (నాయబ్ సుబేదార్, సుబేదార్ స్థాయివాళ్లు) కోసం. ఆఫీసర్ల గురించి, నేవీ, ఎయిర్‌ఫోర్స్ గురించి చివర్లో కొంచెమే రాశాను. అగ్నివీర్‌ల లెక్క పూర్తిగా వేరు, నాలుగేళ్ల సర్వీసుకి పెన్షన్ లేదు కాబట్టి వాళ్లని ఇందులోకి తీసుకురాలేదు.

ముందు ఏం చూసుకోవాలి

చాలామంది మొదట పెన్షన్ ఎంత వస్తుందో చూస్తారు. నేను దాన్ని మూడో స్థానంలో పెడతాను, ఎందుకో కింద చెప్తాను.

మొదటిది, పిల్లలు ఏ క్లాసులో ఉన్నారు. హైదరాబాద్‌లో స్థిరపడాలనుకునేవాళ్లకి ఇది మామూలు విషయం కాదు. తెలంగాణలో మెడికల్ సీట్లకి స్థానికత తేల్చేటప్పుడు 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. మన పిల్లలేమో ఎనిమిది పఠాన్‌కోట్‌లో, తొమ్మిది జోధ్‌పూర్‌లో, పది ఇంకెక్కడో. సైనిక కుటుంబాలకి ఏ సడలింపు ఉంది, ఏ కాగితం అడుగుతున్నారు అన్నది ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో మీరే చదవండి, పక్కింటివాళ్ల మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లలుంటే మీరు సర్వీసులో ఉన్నా, బయటకి వచ్చినా, కుటుంబాన్ని మాత్రం ఇక్కడికి చేర్చే ఆలోచన ఆ ఏడాదే చేయాలి.

రెండోది, బయట చేసే పని. "వచ్చాక చూసుకుందాంలే" అని వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది ఆరు నెలలు తిరగకుండానే ఏదో ఒక గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీలో పన్నెండు గంటలు నిలబడుతున్నారు. ఆ పని తక్కువని కాదు, వాళ్లు కోరుకుని చేరింది కాదు, అంతే నా బాధ.

మూడోది డబ్బు. నాలుగోది ఒంట్లో ఆరోగ్యం, మెడికల్ కేటగిరీ. ఐదోది ఊళ్లో అమ్మానాన్నల పరిస్థితి. ఈ ఐదోదాన్ని ఎవరూ పట్టిక వేసి చూడలేరు, మీ ఇంటి సంగతి మీకే తెలుసు.

డబ్బు లెక్క, నిదానంగా

జవాన్లు, జేసీఓలకి పెన్షన్ రావాలంటే కనీసం 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. పెన్షన్ అంటే చివరి జీతంలో సగం. జీతం అంటే ఇక్కడ బేసిక్, దానికి మిలిటరీ సర్వీస్ పే 5,200, ఉంటే ఎక్స్ గ్రూప్ పే (టెక్నికల్ ట్రేడులవాళ్లకి ఇచ్చేది), క్లాసిఫికేషన్ అలవెన్స్. ఒకప్పుడు పూర్తి పెన్షన్‌కి 33 ఏళ్లతో ముడి ఉండేది, అది పోయి చాలా కాలమైంది. ఇప్పుడు 17 ఏళ్లకి వచ్చినా సగమే, 28కి వచ్చినా సగమే. తేడా అంతా ఆ చివరి జీతంలోనే ఉంటుంది.

కింద వేసినవి ఊహించిన బేసిక్‌లు, మీ పే స్లిప్ తీసి మీ అంకెలు పెట్టుకోండి. పెన్షన్ మీద డీఏ వేరుగా వస్తుంది, ఇందులో కలపలేదు. కమ్యూట్ చేయడం అంటే పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకోవడం, దాని సంగతి కింద ఉంది.

| | 17 ఏళ్లకి | 24 ఏళ్లకి | సుబేదార్‌గా 28కి |
|---|---|---|---|
| వయసు (19కి చేరితే) | 36 | 43 | 47 |
| బేసిక్ (ఊహ) | 38,000 | 48,000 | 58,000 |
| మిలిటరీ సర్వీస్ పే కలిపి | 43,200 | 53,200 | 63,200 |
| నెల పెన్షన్ | 21,600 | 26,600 | 31,600 |
| సగం కమ్యూట్ చేస్తే చేతికి సుమారు | 11.8 లక్షలు | 14.4 లక్షలు | 16.9 లక్షలు |
| కమ్యూట్ చేసిన భాగం తిరిగి వచ్చే వయసు | 51 | 58 | 62 |

ఈ పట్టికలో నేను వేలు పెట్టి చూపించేది ఒకటుంది. 17 నుంచి 24కి ఏడేళ్లు అదనంగా చేస్తే నెల పెన్షన్ పెరిగింది 5,000, అంటే ఒక్కో ఏడాది సర్వీసుకి నెలకి సుమారు 700 చొప్పున. "ఇంకో ఏడాది ఆగితే పెన్షన్ పెరుగుతుంది" అనేవాళ్లు ఈ 700 గురించే మాట్లాడుతున్నారు. అది చిన్న మొత్తమని అనను, జీవితాంతం వచ్చేది, దాని మీద డీఏ కూడా ఉంటుంది. కానీ దానికోసమే ఒక ఏడాది ఇంటికి దూరంగా ఉండాలా అన్నది మీరు ఆలోచించుకోవాలి.

దీన్నే ఇంకోలా చూడండి. పెన్షన్ అర్హత వచ్చినవాడికి ఇంట్లో కూర్చున్నా సగం జీతం వస్తుంది. అంటే లోపల ఉండి చేసే పనికి అదనంగా దొరికేది మిగతా సగమే, దానితోపాటు క్వార్టర్, రేషన్, పిల్లల కేంద్రీయ విద్యాలయం, మిలిటరీ హాస్పిటల్. ఆ మిగతా సగాన్ని హైదరాబాద్‌లో మీరు బయట సంపాదించగలరా? ఇక్కడ ఇంటి అద్దె, స్కూల్ ఫీజు కట్టుకుని కూడా? అవును అని గట్టిగా చెప్పగలిగితే తొందరగా రావచ్చు.

ఏడాదికి 700 లెక్క కాకుండా ఒక్కసారిగా పెరిగే సందర్భాలు రెండున్నాయి. ఒకటి ప్రమోషన్. రెండోది ఎంఏసీపీ, అంటే ప్రమోషన్ రాకపోయినా జీతం స్థాయి పెంచే పద్ధతి, జవాన్లకి, జేసీఓలకి 8, 16, 24 ఏళ్లకి వస్తుంది. మా తమ్ముడు 22 దగ్గర ఉన్నాడు. ఇంకో రెండేళ్లలో మూడో ఎంఏసీపీ పడుతుంది, అది పడ్డాక వస్తే మొత్తం పెన్షన్ ఆ జీతం మీదే లెక్కకడతారు. 23 ఏళ్ల 8 నెలలకి రావడం మాత్రం ఎవరికీ చెప్పను.

ఇక కమ్యుటేషన్. పెన్షన్‌లో సగం దాకా ముందే ఒకేసారి తీసుకోవచ్చు. ఆ భాగానికి ఈ వయసుల్లో దాదాపు తొమ్మిదేళ్ల డబ్బు చేతికిస్తారు, 15 ఏళ్లపాటు నెలనెలా కోస్తారు. డీఏ మాత్రం పూర్తి పెన్షన్ మీదే వస్తుంది. ఇంటి లోన్ తీర్చడానికి, ఆడపిల్ల పెళ్లికి అయితే తీసుకోండి. నేను సగం కమ్యూట్ చేసి, శివారులో ఒక వెంచర్‌లో ప్లాట్‌కి పెట్టాను. కాగితాలన్నీ ఉన్నాయన్నారు, ఫ్లెక్సీల మీద జెండా బొమ్మ, జవాన్లకి ప్రత్యేక రేటు. మూడేళ్లు గడిచినా రిజిస్ట్రేషన్ కాలేదు. ఆ డబ్బులో కొంత వెనక్కి వచ్చింది, కొంత రాలేదు. డిశ్చార్జి డబ్బు వచ్చిన ఆరు నెలలు దాన్ని బ్యాంకులోంచి కదపొద్దు. ఆ ఆరు నెలల్లోనే బంధువులు, ఏజెంట్లు, పాత పరిచయాలు అందరూ మన ఇంటి అడ్రస్ కనుక్కుంటారు.

వేతన సంఘం కోసం ఆగాలా అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. 8వ వేతన సంఘానికి 2025 జనవరిలో ఆమోదం ఇచ్చారు. 7వది 2016 జనవరి 1 నుంచి అమలైంది, అంతకుముందు వచ్చినవాళ్ల పెన్షన్‌ని కూడా 2.57 రెట్లు చేశారు. అంటే ముందే వచ్చినవాళ్లని వదిలేయలేదు. తేడా పడేది గ్రాట్యుటీ, కమ్యుటేషన్, 300 రోజుల దాకా ఇచ్చే లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ దగ్గర, ఇవి కొత్త జీతం మీద లెక్కిస్తే ఎక్కువ వస్తాయి. ఆరు నెలల దూరంలో ఉంటే ఆగండి. దీనికోసమే మూడేళ్లు ఆగడం నాకైతే సబబు అనిపించదు.

ఓఆర్‌ఓపీ: ఇది చదవకుండా సంతకం పెట్టొద్దు

ఓఆర్‌ఓపీ అంటే వన్ ర్యాంక్ వన్ పెన్షన్, ఒకే ర్యాంకులో అన్నే ఏళ్లు చేసినవాళ్లకి ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్. ఇది 2014 జులై 1 నుంచి అమల్లో ఉంది, ఐదేళ్లకోసారి సవరిస్తారు. కానీ 2015 నవంబర్ 7 నాటి ఉత్తర్వులోనే ఒక మాట ఉంది: ఇకపై సొంత కోరిక మీద ముందుగా డిశ్చార్జి తీసుకునేవాళ్లకి ఓఆర్‌ఓపీ వర్తించదు. దీని మీద ట్రిబ్యునల్‌లో కేసులు నడిచాయి, నడుస్తున్నాయి. కేసు మనవైపే తేలుతుందన్న ఆశ మీద ఇంటి బడ్జెట్ వేసుకోలేం కదా.

కాబట్టి ఎన్నేళ్లకి వస్తున్నారన్నదానికంటే, డిశ్చార్జి ఆర్డర్‌లో కారణం ఏమని రాస్తారన్నది ముఖ్యం. నియమం ప్రకారం పూర్తి చేయాల్సిన సర్వీసు పూర్తి చేసి రావడం వేరు, పూర్తి కాకముందే "నన్ను పంపేయండి" అని రాసిచ్చి రావడం వేరు. ఆ పూర్తి సర్వీసు హవల్దార్‌కి 24 ఏళ్లు, నాయబ్ సుబేదార్‌కి 26, సుబేదార్‌కి 28, ఆపైన స్క్రీనింగ్ బోర్డు పాసైతే ఇంకో రెండేళ్లు. నేను 24 పూర్తిచేసి, ఆ రెండేళ్లకి అన్‌విల్లింగ్ (ఇక ఉండనని రాసిచ్చే కాగితం) ఇచ్చి వచ్చాను. పీఎంఆర్, అంటే గడువుకి ముందే సొంత కోరిక మీద రిటైర్మెంట్ అయితే పెట్టేవాడిని కాదు. మీ కేసు ఏ క్లాజు కింద పడుతుందో యూనిట్ క్లర్క్ నోటిమాటగా చెబితే సరిపెట్టుకోకండి, రికార్డ్స్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

17 దగ్గర రావడం ఎవరికి

చేతిలో పని ఉన్నవాళ్లకి. వెహికల్ మెకానిక్, ఎలక్ట్రానిక్స్, రేడియో, నర్సింగ్ అసిస్టెంట్, క్లర్క్ ట్రేడుల్లో ఉండి, 36 ఏళ్లకే రెండో జీవితం మొదలుపెట్టగల ఓపిక ఉన్నవాళ్లకి. మా బ్యాచ్‌లో ఒకడు ఇలాగే వచ్చి బ్యాంకులో క్లర్క్ అయ్యాడు. ఇప్పుడు ఏఎస్‌రావు నగర్ వైపు ఇల్లు కట్టుకున్నాడు, పెన్షన్ ఒకపక్క, జీతం ఒకపక్క. సర్వీసులో ఉన్నప్పుడే గార్డ్ డ్యూటీ అయ్యాక రాత్రి రెండు గంటలు చదివేవాడు, మేం పడుకుంటే వాడి మంచం దగ్గర టార్చ్ వెలుగు కనిపించేది.

మాజీ సైనికులకి ప్రభుత్వరంగ బ్యాంకుల్లో, సంస్థల్లో గ్రూప్ సీ పోస్టుల్లో 14.5 శాతం, కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సీలో 10 శాతం రిజర్వేషన్ ఉంది. మన దగ్గర ఈసీఐఎల్, బీడీఎల్, మిధాని లాంటివి ఉన్నాయి కాబట్టి నోటిఫికేషన్లు చూస్తూ ఉండాలి. వయసు గురించి చాలామందికి అనవసరమైన టెన్షన్. కేంద్రం గ్రూప్ సీ పోస్టులకి మన అసలు వయసులోంచి మొత్తం సర్వీసు తీసేసి, ఇంకో మూడేళ్లు కూడా తీసేస్తారు. 36 ఏళ్లవాడూ 43 ఏళ్లవాడూ అక్కడ దాదాపు సమానమే. బ్యాంక్ క్లర్క్ పరీక్షకి మాత్రం 50 ఏళ్లు దాటకూడదు. డిగ్రీ లేకపోయినా పది పాసై 15 ఏళ్ల సర్వీసు ఉంటే గ్రూప్ సీ పోస్టులకి డిగ్రీతో సమానంగా తీసుకుంటారు. డిశ్చార్జికి ఏడాది ఉండగానే అప్లై చేయవచ్చు, అది వాడుకోండి.

వయసు దెబ్బకొట్టేది ప్రైవేటులో. అక్కడ 36కీ 45కీ తేడా నేల, ఆకాశం.

డీఎస్‌సీ అనే దారి కూడా ఉంది, డిఫెన్స్ సెక్యూరిటీ కోర్. మళ్లీ యూనిఫామ్, డిఫెన్స్ సంస్థల కాపలా. రెండో పెన్షన్‌కి అక్కడ 15 ఏళ్లు కావాలి కాబట్టి ఆ ఉద్దేశం ఉన్నవాళ్లు చిన్న వయసులోనే వెళ్లాలి. కానీ పోస్టింగ్ హైదరాబాద్‌లోనే ఇస్తారని ఎవరూ మాట ఇవ్వరు. ఇంటికోసం పెన్షన్ వచ్చి, మళ్లీ అస్సాంకి పెట్టె సర్దుకోవడం ఇంట్లోవాళ్లకి ఎలా ఉంటుందో ముందే అడగండి.

ఎవరు రాకూడదు? పిల్లలు ఇంకా మూడో క్లాసు, నాలుగో క్లాసులో ఉండి, సొంత ఇల్లు లేక, చేతిలో ట్రేడ్ లేనివాళ్లు. పోస్టింగ్ బాలేదనో, ఒక సాబ్‌తో పడలేదనో కాగితాలు పెట్టేవాళ్లు. ఆ సాబ్ రెండేళ్లలో పోస్టింగ్ మీద వెళ్లిపోతాడు.

24 దగ్గర: నేను ఎంచుకున్నది

నా నిర్ణయం డబ్బుతో జరగలేదని ముందే చెప్తాను. పెద్దపాప పదిలో ఉండగా లీవ్‌లో వచ్చాను, ప్రీఫైనల్స్ అయిపోయాయి. సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టి కూర్చోగానే లోపలికెళ్లి స్టీలు గ్లాసులో నీళ్లు, కింద చిన్న ప్లేటు పెట్టి తెచ్చింది, ఇంటికొచ్చిన చుట్టానికి ఇచ్చినట్టు. "ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటావమ్మా?" అన్నాను. "అమ్మకి చెప్పాను నాన్నా" అంది. అందులో కోపం ఏమీ లేదు, మామూలుగానే అంది. ఆ ప్లేటు ఇప్పటికీ మా వంటింట్లో ఉంది, చూసినప్పుడల్లా ఆ సాయంత్రమే గుర్తొస్తుంది. యూనిట్‌కి తిరిగి వెళ్లాక అన్‌విల్లింగ్ కాగితం రాసిచ్చాను.

మూడో ఎంఏసీపీ అప్పటికే పడబోతోంది, సర్వీసు నియమం ప్రకారం పూర్తవుతోంది, ఓఆర్‌ఓపీ పోదు, పాప ఇంటర్‌లోకి, బాబు ఎనిమిదికి వస్తారు. 43 ఏళ్లకి ఇంకా పదిహేనేళ్లు పనిచేయగల ఒళ్లు ఉంది. హవల్దార్ స్థాయిలో ఉన్న ఎక్కువమంది కుటుంబాలకి నా సలహా ఇదే.

ఇందులో నష్టం లేకపోలేదు. జేసీఓ ర్యాంకు వదులుకున్నాను. "ఇంకో రెండేళ్లుంటే సుబేదార్ సాబ్ అనేవాళ్లు కదా" అని మా నాన్న ఇప్పటికీ అంటారు. ఆ గౌరవానికి విలువ ఉంది, లేదని నేను అనను. ప్రమోషన్ కేడర్ పాసై, సీనియారిటీలో పేరు పైన ఉండి, ఏడాదిలో నాయబ్ సుబేదార్ వచ్చేలా ఉంటే ఆగండి, తప్పకుండా ఆగండి. మెడికల్ కేటగిరీ తగ్గి ప్రమోషన్ మీద ఆశ పోయిన వాళ్లకి మాత్రం 24 తర్వాత ఆగడంలో పెద్దగా లాభం కనిపించదు.

చివరిదాకా ఉండడం

సుబేదార్‌గా 28, 30 దాకా ఉండేవాళ్లకి పెన్షన్ ఎక్కువ, గ్రాట్యుటీ ఎక్కువ, పరువు ఎక్కువ. గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితి 2024 జనవరి నుంచి 25 లక్షలు. కుటుంబం సికింద్రాబాద్‌లో క్వార్టర్‌లో ఉండి, పిల్లలు ఇక్కడే స్కూల్ పూర్తిచేస్తూ, మీరు ఒక్కరే ఫీల్డ్‌కి వెళ్లి రాగలిగితే ఇది మంచి దారి. బయట పని వెతుక్కోవడం ఇష్టం లేనివాళ్లకీ ఇదే మంచిది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 47, 48కి వచ్చి పొలం చూసుకుంటూ హాయిగా ఉన్న సుబేదార్ సాబ్‌లు నాకు తెలుసు.

ఆరోగ్యం మాత్రం చూసుకోండి. మోకాళ్లు, బీపీ, షుగర్. ఎప్పుడు వచ్చినా రిలీజ్ మెడికల్ బోర్డులో ఉన్న నొప్పి ఉన్నట్టు చెప్పండి. "ఏం లేదు సాబ్, ఫిట్" అని గొప్పకి చెప్పి వచ్చి, తర్వాత అదే మోకాలి కోసం పదేళ్లు అర్జీలు పెట్టుకుంటున్నవాళ్లు ఉన్నారు. ఈసీహెచ్‌ఎస్ పెన్షన్‌తో వచ్చిన అందరికీ ఉంటుంది, హవల్దార్ వరకు ఒకేసారి 30,000, జేసీఓలకి 67,000 కోసుకుంటారు. దాని భయంతో ఏ దారీ మార్చుకోవాల్సిన పని లేదు.

మిగతావాళ్లకి, క్లుప్తంగా

ఆఫీసర్లకి పెన్షన్ అర్హత 20 ఏళ్లు. కల్నల్ దాకా 54, బ్రిగేడియర్‌కి 56, మేజర్ జనరల్‌కి 58, లెఫ్టినెంట్ జనరల్‌కి 60 ఏళ్ల వయసు దాకా ఉండొచ్చు. సెలక్షన్ బోర్డు ఫలితం వచ్చాక చాలామంది నిర్ణయం తీసుకుంటారు. సైనిక్‌పురిలో నాకు తెలిసిన ఒక సాబ్ 21 ఏళ్లకి వచ్చి కార్పొరేట్ ఉద్యోగంలో చేరారు, 40ల మొదట్లో కాబట్టే తీసుకున్నారని ఆయనే అంటారు. ఓఆర్‌ఓపీ సంగతి వాళ్లకీ అంతే.

ఎయిర్‌మెన్‌కి మొదటి ఎంగేజ్‌మెంట్ 20 ఏళ్లు, ఆ తర్వాత పొడిగింపులతో 57 వయసు దాకా ఉండొచ్చు. బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్నాయి కాబట్టి ఇక్కడ పోస్టింగ్ దొరికితే ఎయిర్‌ఫోర్స్‌వాళ్లకి ఆగడమే తేలిక. నేవీలో 15 ఏళ్లకి మొదటి మలుపు వస్తుంది, అప్పటికి వయసు చిన్నదే కాబట్టి పైన 17 గురించి రాసింది వాళ్లకీ పనికొస్తుంది.

ఏ దారైనా, ఏడాది ముందే చేయాల్సినవి

డీజీఆర్ (మాజీ సైనికుల పునరావాసం చూసే రక్షణ శాఖ విభాగం) రీసెటిల్‌మెంట్ కోర్సుకి పేరు ఇవ్వండి. అది డిశ్చార్జికి ముందు యూనిట్ ద్వారా జరిగేది, వచ్చాక అంత తేలిగ్గా దొరకదు.

అన్నిటికంటే ముందు పేర్లు సరిచూసుకోండి. మన తెలుగువాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, సర్వీస్ బుక్‌లో పొడి అక్షరం ఉంటుంది. పెళ్లినాటి పార్ట్ టూ ఆర్డర్‌లో (పెళ్లి, పిల్లల లాంటి వివరాలు సర్వీసు రికార్డులో ఎక్కించే కాగితం) మా ఆవిడ పేరు పుట్టింటి ఇంటిపేరుతో పడింది, పుట్టిన తేదీలో నెల తప్పు. స్పర్శ్ అనే డిఫెన్స్ పెన్షన్ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఆధార్‌తో కలవలేదు. నేను సర్వీసులో ఉన్నప్పుడే చూసుకుని ఉంటే క్లర్క్ వారంలో సరిచేసేవాడు. బయటకి వచ్చాక అఫిడవిట్, గెజిట్, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం అంటూ ఎనిమిది నెలలు తిరిగాను. రేపు మనకేమైనా అయితే ఫ్యామిలీ పెన్షన్ దగ్గర ఆవిడ ఒక్కతే ఈ తిరుగుడంతా తిరగాలి.

మా తమ్ముడికి ఆ రాత్రి ఇవన్నీ చెప్పలేకపోయాను, సిగ్నల్ పోయింది. పొద్దున మెసేజ్ పెట్టాడు, కూతురు ఇప్పుడు ఎనిమిదిలో ఉందట, మూడో ఎంఏసీపీకి ఇంకా 21 నెలలు ఉన్నాయట. కుటుంబాన్ని ఈ వేసవిలోనే హైదరాబాద్ పంపించి, తను 24 పూర్తిచేసి వస్తానన్నాడు. మరదలి ఆధార్ కార్డూ, వాడి పెళ్లి పార్ట్ టూ ఆర్డరూ రెండూ ఫొటో తీసి ఇవాళే పంపమన్నాను.